ఆఖరి కడుగు నీళ్ళు

నేను చేసే పని ఏమిటో మా ఊళ్ళో చెప్పాలంటే నాకు మొదట్నుంచీ మొహమాటమే. ఉరవకొండ దగ్గర మెట్టపొలాల ఊరు మాది. చెనక్కాయ విత్తి మబ్బు వైపు చూసుకుంటూ కూర్చునే ఊరు. అలాంటి చోట నిలబడి, స్టీలు పెట్టెల్లోంచి నీటి తడిని ఆఖరి పిసరు దాకా వెళ్ళగొట్టడం నా ఉద్యోగమని ఎట్లా చెప్పను? ఒకసారి నోరు జారి చెప్పాను. మా నాయన, "నీళ్ళు పోగొట్టేదానికి జీతమిస్తారా పాపా? మేము ఇన్నాళ్ళూ ఊరికేనే పోగొట్టుకున్నామే," అన్నాడు. అరుగు మీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నాకు మాత్రం ఉక్రోషం వచ్చింది, ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మా షెడ్డు చిలమత్తూరు అవతల, హైవే నుంచి లోపలికి వెళ్ళే మట్టిరోడ్డు మీద ఉంది. యజమాని హిందూపురం వ్యాపారస్తుల ఇంటి మనిషి. ఆయన అన్నలు బట్టలంగడిలో కూర్చుంటే ఈయన స్టీలు పట్టుకున్నాడు. చాలా ఏళ్ళు డెయిరీలకు పాల ట్యాంకులు చేశాడు, తర్వాత మందుల కంపెనీలకు ట్యాంకులు చేశాడు. వెల్డింగు నున్నగా ఉంటుంది, మాట మీద నిలబడతాడు అని పేరు. ఆ పేరు పట్టుకునే ఫ్యూజన్ ప్రయోగం చేసేవాళ్ళు మా గడప తొక్కారు. నన్ను బెంగళూరు నుంచి పిలిపించింది కూడా ఆ పని కోసమే.

ఫ్యూజన్ అంటే సూర్యుడిలో జరిగే పనిని భూమ్మీద ఒక ఉక్కు గదిలో చేయించే ప్రయత్నం. హైడ్రోజన్ జాతి వాయువును సూర్యుడి నడిమధ్య ఉండే వేడికంటే ఎక్కువగా కాచగలిగితే, అందులోని పరమాణువుల కేంద్రకాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి విపరీతమైన శక్తి వదులుతాయి. అంత వేడిని ఏ గోడా తట్టుకోదు కాబట్టి అయస్కాంతాల బలంతో ఆ వాయువును గోడకు తగలకుండా నిలబెట్టాలి. వినడానికి బాగానే ఉంటుంది. చేయబోతే అడుగడుగునా గుంతే. లోపలి నుంచి ఎగిరొచ్చే న్యూట్రాన్లు గోడను కొట్టి కొట్టి ఉక్కును పెళుసు చేస్తాయి. ఇంధనంలో సగమైన ట్రిటియం ప్రకృతిలో దాదాపు దొరకదు, దాన్ని ఆ యంత్రమే లిథియం నుంచి పుట్టించుకోవాలి. యంత్రం మొత్తానికి పెట్టిన కరెంటు కంటే వచ్చిన కరెంటు ఎక్కువగా ఉండటం ఇంతవరకూ ఎక్కడా జరగలేదు. ఎప్పుడొస్తుందని అడిగితే, మా నాయన కాలంలో అడిగినా ఇంకొన్నేళ్ళు అన్నారట, ఇప్పుడడిగినా అదే అంటున్నారు. మా సీమవాళ్ళకు ఇది కొత్త మాటేం కాదు. ఇంకో వంద అడుగులు దింపితే నీళ్ళు పడతాయని చెప్పని బోరు బండివాణ్ణి నేను చూడలేదు.

ఇవన్నీ పెద్దవాళ్ళ బాధలు. నా బాధ చిన్నది. ఆ ఉక్కు గదిలో ముందు ఏమీ ఉండకూడదు. గాలిని పంపులు తొందరగానే లాగేస్తాయి. తడి అట్లా పోదు. కంటికి కనపడని పొరలాగా స్టీలుకు అతుక్కుని ఉంటుంది. పెట్టెకు చుట్టూ హీటర్లు కట్టి, రోజుల తరబడి కాస్తే పిసరు పిసరుగా వదులుతుంది. ఆ తడి గానీ, నూనె మరక గానీ మిగిలితే అసలు యంత్రంలో అంత కష్టపడి పుట్టించిన వేడి చల్లారిపోతుంది. మేము చేయాల్సింది ఆ గదికి కిటికీ లాంటి ఒక భాగం. మనిషి వంగి లోపలికి దూరగలిగినంత పెట్టె. మొదట నమూనాగా ఒక్కటి.

ఆ ఒక్కటి అనే మాటే మా యజమానికి నిద్ర లేకుండా చేసింది. పాల ట్యాంకు ఒకరు వద్దంటే ఇంకొకరు కొంటారు. ఈ పెట్టెకు లోకంలో ఒక్కరే కొనేవాళ్ళు. దాని కోసం దుమ్ము రాని గది కట్టించాడు, పంపులు తెప్పించాడు, నీళ్ళలోని ఉప్పంతా తీసి శుద్ధి చేసే మిషను పెట్టించాడు. చేయడానికయ్యే ఖర్చు కంటే చేసింది సరిగ్గా ఉందని రుజువు చేయడానికయ్యే ఖర్చే ఎక్కువ. ఒకరోజు నన్ను పిలిచి దాపరికం లేకుండా చెప్పాడు.

"ఇది పాసయితే మిగిలిన పెట్టెలన్నీ మనకే ఇస్తామంటాండారు. పాసు కాకపోతే ఈ సెక్షన్ మూసేస్తా మా. నేను బట్టలంగడి ఇంట్లో పుట్టినోణ్ణి. అమ్ముడుపోని సరుకును కావలించుకోని ఏడ్చేది మా వంశంలో ల్యా."

సెక్షన్ మూస్తే నేనూ, వెల్డరూ, కడిగే ఆడవాళ్ళూ అందరం ఇంటికే. బెంగళూరు ఉద్యోగం వదులుకుని వచ్చినదాన్ని, అక్కడ నా కుర్చీ ఖాళీగా ఉంటుందా? ఇంటి అద్దె, కూతురి చదువు నా జీతం మీదే నడుస్తున్నాయి.

పెట్టె తయారవుతున్న రోజుల్లోనే ఒకసారి ఊరికి పోయాను. మా పొలం చుట్టుపక్కల ఇప్పుడు గాలిమరలు తిరుగుతున్నాయి, కొంచెం దూరంలో బీడంతా సోలార్ పలకలు పరిచారు. మా నాయన వాటిని చూపించి అడిగాడు. "పైన ఒగడు ఊరికే కాలిపోతాండాడు కదా పాపా. కింద ఇంగొకణ్ణి ఏమిటికి చేస్తాండారు?" రాత్రి పూట ఎండ ఉండదు, గాలి అన్నివేళలా వీయదు, పట్నాలకూ ఫ్యాక్టరీలకూ ఎప్పుడూ నిలకడగా ఉండే కరెంటు కావాలి అని చెప్పాను. జవాబు సరైనదే. చెబుతుంటే మాత్రం నా గొంతులోనే నమ్మకం తగ్గుతూ వచ్చింది. ఈ పలకల కరెంటు ఏడాదికేడాది చవకవుతుంటే, ఏదో ఒకరోజు ఎవరో ఒక పెద్దమనిషి మా ప్రయోగానికి ఇచ్చే సొమ్ము ఆపేస్తే? మా పెట్టె ఎంత బాగున్నా అప్పుడు అది ఎవరికీ పనికిరాదు. తిరుగు బస్సులో అదే ఆలోచన.

పెట్టె తయారైంది. యాసిడ్‌తో కడిగి, సబ్బునీళ్ళతో కడిగి, శుద్ధి చేసిన నీళ్ళతో ఆఖరి కడుగు కడిగి, ఆరబెట్టి నాకు అప్పగించారు. కడిగే సెక్షన్‌కు పెద్ద ఒకావిడ, పాల ట్యాంకుల కాలం నుంచీ ఉన్న మనిషి. మేమందరం పెద్దక్క అనేవాళ్ళం. పక్కనే ఉన్న కాలనీ నుంచి నడిచి వచ్చేది. ఆమె నోటికి యజమాని కూడా కొంచెం దూరంగానే నిలబడేవాడు. కడిగే గది గడప చెప్పులతో దాటితే నన్ను కూడా వదిలేది కాదు.

పంపులు ఆన్ చేశాం. మొదట ఒత్తిడి జోరుగా పడిపోయింది. హీటర్లు పెట్టాక ఇంకా పడాలి. పడలేదు. మీటరు మీద అంకె ఒకచోట కూర్చుంది, కాడి కింద ఎద్దు పడుకున్నట్టు. ఎంత అదిలించినా లేవదు. ప్రయోగం వాళ్ళ మనుషులు తనిఖీకి వచ్చే రోజు దగ్గరపడుతోంది. ఇంట్లో ఉన్నప్పుడు మీటరు ఫోటో తీసి పంపమని షెడ్డులో వాళ్ళకు ఫోన్ మీద ఫోన్ చేసేదాన్ని. కూతురు లెక్క అడిగితే కసిరాను. అది పుస్తకం మూసుకుని పక్కింటికి పోయింది. నేను వెనక్కి పిలవలేదు, ఎందుకంటే అప్పుడే ఫోటో వచ్చింది. అదే అంకె.

నా అనుమానమంతా వెల్డింగు మీద. మా వెల్డరు వజ్రకరూరు మనిషి. తొలకరి వాన పడితే వాళ్ళ చేలల్లో జనం నడుములు వంచుకుని వజ్రాలు వెతుకుతారే, నేనూ అట్లాగే అతని అతుకులన్నీ వెతికాను. బయటినుంచి అతుకు మీద హీలియం వాయువు ఊదుతూ పోతే, సందు ఉన్నచోట అది లోపలికి దూరి పరికరంలో తెలిసిపోతుంది. ఎక్కడా దూరలేదు. అయినా నాకు ఎవరో ఒకరి మీద పడాలనిపించింది. "నీ చేతిపనిలోనే ఎక్కడో ఉంది," అన్నాను అందరి ముందరా.

అతను కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "వెతుకు మా. దొరికితే నేనే కోసి మళ్ళా అతికిస్తా. దొరక్కపోతే మాత్రం ఈ మాట యాడ పెట్టుకుంటావో నువ్వే చూసుకో," అన్నాడు.

లోపల ఏ వాయువు ఎంత ఉందో గీతలుగా విడదీసి చూపించే పరికరం ఒకటుంటుంది. అది కొనే స్తోమత మా షెడ్డుకు లేదు. బెంగళూరు నుంచి బాడుగకు తెప్పించుకుంటాం. నా పోరు పడలేక యజమాని అప్పటికి తెప్పించాడు. బిగించి చూస్తే నీటి గీత ఒక్కటే కాదు, పక్కన సబ్బువీ నూనెవీ గీతలు లేచి ఉన్నాయి. సందు ఎక్కడా లేదు. పెట్టె లోపల మురికి ఉంది. ఇంత కడిగిన పెట్టెలో మురికి ఎక్కడిది?

కడిగే గది వెనక పక్క నీడకు పోయాను. అక్కడ నీలం డ్రమ్ములు వరసగా ఉన్నాయి, మూతులకు తెల్లబట్ట కట్టి. ఇంట్లో తాగే నీళ్ళ కుండకు కట్టినంత శ్రద్ధగా కట్టారు.

"ఇవేంటి అక్కా?" అన్నాను.

"ఆఖరి కడుగు నీళ్ళు మా," అంది పెద్దక్క. "పారబోస్తామా ఏంది?"

పాల ట్యాంకుల కాలంలో అది వాళ్ళ పద్ధతి. ఒక ట్యాంకు ఆఖరిసారి కడిగిన నీళ్ళను పట్టుకుని, తర్వాతి ట్యాంకు మొదటి కడుగుకు వాడేవాళ్ళు. పాలకు అందులో తప్పేమీ లేదు, తెలివైన పనే. మా పెట్టె కంటే ముందు మందుల ట్యాంకులు కడిగిన నీళ్ళు కూడా, కంటికి కనపడని సబ్బు, నూనె పిసర్లతో సహా, ఆ డ్రమ్ముల్లోనే చేరాయి.

"మరి మా పెట్టెకు కూడా ఇవే పోశారా?"

"మొదట పోయలే. మంచి నీళ్ళతోనే కడిగినా. ఆఖరికి వచ్చేసరికి శుద్ధం నీళ్ళు అయిపోయినాయి. ఆ మిషను చుక్క చుక్క కారుస్తాది, సగం నీళ్ళు అదే మింగుతాది. ట్యాంకరు ఆ దినం రాలే. కింద మూల ఇంకా తడపల్ల. వీటిని చూస్తే అద్దం మాదిరి ఉండాయి. నాలిక మీద ఏసుకోని కూడా చూసినా. ఉప్పు ల్యా, చౌడు ల్యా. మా ఇంట్లో తాగే నీళ్ళే ఇంత బాగుండవు. వీటితో కడిగితే ఏం పాపం మా?"

నాకు అరవాలనే ఉంది. అరవలేకపోయాను. మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు బర్రె కుడితిలోకి, చేతులు కడుక్కున్న నీళ్ళు కరేపాకు చెట్టు మొదట్లోకి. గ్లాసులో మిగిలిన గుక్కెడు పారబోస్తే మా అమ్మ చెయ్యెత్తేది. ఆ డ్రమ్ముల ముందు నేనున్నా అదే చేసి ఉండేదాన్నేమో అనిపించి భయమేసింది. వెల్డరు దగ్గరికి పోయి తప్పు నీది కాదన్నాను. "సరేలే మా," అన్నాడు గానీ నా మొహం చూడలేదు.

యజమానికి పోయి చెప్పాను. "ఆ పద్ధతి నేను చెప్పిందే. కరువు యేడు నీళ్ళు మిగిలించిందని ఆమెకు చీర కూడా పెట్టినా," అన్నాడు. "ఇప్పుడేం చేయల్ల?"

మళ్ళీ మొదట్నుంచి కడగాలని చెప్పాను. ఈసారి ఒకసారి తగిలిన నీళ్ళు మళ్ళీ తగలకూడదు. అన్నీ గుంటలోకే పోవాలి. ఆయన లేచి ట్యాంకర్లవాడికి ఫోన్ చేశాడు.

ఆ గుంట సంగతి చెప్పాలి. షెడ్డు వెనక నల్ల ప్లాస్టిక్ పరిచి, మేకలు దిగకుండా కంచె వేసిన వెడల్పాటి గుంట. యాసిడ్ తగిలిన స్టీలును కడిగిన నీళ్ళు భూమిలోకి ఇంకకూడదు, చెట్లకు పోయకూడదు. కాబట్టి అందులో పోసి ఎండకు వదిలేస్తాం. నీళ్ళు ఎండిపోవడం కోసమే తవ్వించిన గుంట. మా జనం తరతరాలుగా నీళ్ళు నిలవాలని గుంటలు తవ్వారు, ఇది మాత్రం ఎంత తొందరగా ఎండితే అంత బాగా పనిచేసినట్టు. కొత్తగా చేరిన వాళ్ళెవరైనా మొదటిసారి దాని ముందు కాసేపు నిలబడిపోతారు.

మళ్ళీ కడిగే రోజు తెల్లవారుతూనే మొదలుపెట్టాం. అప్పటికే గాలి వేడిగా ఉంది. సబ్బు కడుగు వరకూ పెద్దక్క ఎప్పటిలాగే అందరినీ అదిలిస్తూ చేయించింది. ఆఖరి కడుగుకు పైపు ఆమె చేతికొచ్చింది. శుద్ధమైన నీళ్ళు పెట్టె గోడల మీదుగా జారి, కింది కాలువలో పడి, తేటగా గుంట వైపు పారాయి. కాసేపటికి ఆమె ఒకమ్మాయికి కళ్ళతోనే సైగ చేసింది. ఆ అమ్మాయి డ్రమ్ము దొర్లించుకొచ్చింది. నేను వద్దన్నాను. పెద్దక్క వాల్వు కట్టేసింది.

"ఇది నా చేత కాదు మా."

"అక్కా, ఇది పాసు కాకపోతే మనందరి పనీ పోతుంది. నీకూ తెలుసు కదా."

"తెలుసు. యాసిడ్‌లో చెయ్యి పెట్టమను, పెడతా. ఎండలో నిలబడమను, నిలబడతా. తేట నీళ్ళను ఎండబెట్టే గుంతలో పొయ్యమంటే నా చేత కాదు. మా కాలనీలో రెండు బిందెల కోసం జుట్లు పట్టుకుంటాండారు. పొద్దున ఈడ ఈ పని చేసి, సాయంత్రం పోయి ఆ వరసలో ఎట్ల నిలబడల్ల?"

రబ్బరు ఏప్రను విప్పి మేకుకు తగిలించి వెళ్ళిపోయింది. మిగతా ఆడవాళ్ళు పైపు వైపు రాలేదు. తిట్టలేదు, తలలు వంచుకుని నిలబడ్డారంతే. అందరి పనీ ఆ పైపులో ఉందని వాళ్ళకూ తెలుసు.

నేనే పట్టుకున్నాను. పెట్టెలోకి పోయే నీళ్ళ శుద్ధిని ఒక మీటరు, బయటికొచ్చే నీళ్ళ శుద్ధిని ఇంకో మీటరు చూపిస్తాయి. రెండూ ఒకటయ్యేదాకా ఆపకూడదు. ఒక ట్యాంకరు అయిపోయి రెండోది వచ్చి నిలబడింది. ఎవరో వెనక నిలబడి చూస్తున్నారనిపించి రెండు మూడుసార్లు తిరిగి చూశాను, ఎవరూ లేరు. ఏడుపొచ్చింది. పైపు మాత్రం వదల్లేదు. పని పోతుందన్న భయం, పాపం చేస్తున్నానన్న భయం రెండూ ఒక్కసారే ఉన్నాయి, మొదటిదే గెలిచింది.

మళ్ళీ బిగించి, పంపులు పెట్టి, హీటర్లు కట్టాం. ఆ రోజులు ఎట్లా గడిచాయో నాకు సరిగ్గా గుర్తు లేదు. మధ్యలో ఒకసారి కరెంటు పోయి, జనరేటరు ఎత్తుకునే లోపల నేను గోడకు చేరబడి కూర్చుండిపోవడం గుర్తుంది. అంకె మాత్రం ఈసారి మొండికేయలేదు. దిగుతూ దిగుతూ వాళ్ళడిగిన గీత దాటి కిందికి పోయింది. తనిఖీకి వచ్చిన పెద్దాయన పరికరం గీతలు ఒకటికి రెండుసార్లు చూసుకుని బాగుందన్నారు. టీ తాగుతున్నప్పుడు, ఈ కరెంటు మన కాలంలో వస్తుందా సార్ అని అడిగాను. "నేను ఉద్యోగంలో చేరినప్పుడు వస్తుందనుకున్నానమ్మా. ఇప్పుడు మీలాంటి వాళ్ళు పెట్టెలు సరిగ్గా చేస్తుంటే, మీ పిల్లల కాలానికైనా వస్తుందేమో చూడాలి," అన్నారు. అబద్ధం చెప్పనందుకు ఆయన మీద గౌరవం కలిగింది. కానీ లోపల భయం తగ్గలేదు.

మిగిలిన పెట్టెలు మాకే ఇచ్చారు. షెడ్డంతా మైసూరుపాకు పంచారు. యజమాని ట్యాంకర్లవాడితో గట్టిగా మాట్లాడుకున్నాడు, ఇకమీదట నీళ్ళు తక్కువై పని ఆగకూడదని. తర్వాత నన్ను పిలిచి, "పెద్దక్కను పిల్చుకోని రా మా. ఆమెను ఎవరూ పొమ్మనలే. నేను వస్తే తిడతాది," అన్నాడు.

మర్నాడు పొద్దున కాలనీకి పోయాను. వీధి పొడవునా ప్లాస్టిక్ బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. ఆడవాళ్ళు ఎవరి బిందె దగ్గర వాళ్ళు కూర్చున్నారు. పెద్దక్క గోడ నీడలో ఉంది. నన్ను చూసి కోపగించలేదు, పక్కన చోటిచ్చింది.

"మీ పెట్టె పాసయిందంట కదా. మంచిదే," అంది.

"ట్యాంకరు ఇంకా రాలేదా అక్కా?"

"పొద్దున్నే వచ్చేటోడు. ఇప్పుడు మొదట మీ షెడ్డుకు పోసి, మళ్ళా ఇట్ల వస్తాడంట. మీరైతే దినామూ తీసుకుంటారు. మేము దినం మార్చి దినం."

చుట్టుపక్కల వాళ్ళెవరికీ నేనెవరో తెలియకపోతే బాగుండుననుకున్నాను. తెలుసు. అందరూ నా వైపే చూస్తున్నారు.

"అయ్యగారు నిన్ను రమ్మన్నారు," అన్నాను ఎట్లాగో.

"వస్తాలే మా. నీళ్ళన్నీ ఆడికే పోతాంటే నేనీడ కూచోని ఏం చేసేది?" లేచి తన బిందెను వరసలో కాలితో కాస్త ముందుకు జరిపింది. "పారబోసేది మాత్రం నువ్వే పారబోయల్ల."

సరేనన్నాను.

ఆమె మరుసటి రోజు నుంచే వచ్చింది. ఇప్పటికీ ప్రతి పెట్టెకూ ఆఖరి కడుగు నేనే కడుగుతాను. నేను వాల్వు తిప్పగానే పెద్దక్క గోడ వైపు తిరిగి, నీళ్ళ చప్పుడు ఆగేదాకా అట్లాగే నిలబడుతుంది.